మురికికీ మెరుగుకీ తేడా తెలియని ద్రవం

2020లో మన ఇళ్లలోకి శానిటైజర్ సీసాలు వచ్చాయి. గుమ్మం పక్కన చెక్కబల్ల మీద ఒకటి, భోజనాల బల్ల మీద ఒకటి పెట్టుకున్నాం. కొన్నాళ్లకు కొన్ని ఇళ్లలో ఆ సీసా కింద తెల్లటి మచ్చ తేలింది. కొందరి బల్లల మీద మెరుగు మెత్తబడి వేలికి అంటుకుంది. తుడిచినకొద్దీ మచ్చ పెద్దదైంది తప్ప పోలేదు. సీసాలో ఏదో ఘాటైన ఆమ్లం ఉందనుకున్నవాళ్లు ఉన్నారు. అందులో ఉన్నది ఆల్కహాలే. పాతకాలపు బల్ల మీద ఉన్న మెరుగు లక్క. వడ్రంగి ఆ లక్కను స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో, కరిగించే బల్లకు పట్టించాడు. వచ్చిన దారినే పోయింది.

రంగుల పనిలో వాడే టర్పెంటైన్, థిన్నర్, స్పిరిట్, కిరసనాయిలు అన్నీ ఇలాంటివే. వీటిని ద్రావణులు అంటాం, బజారు మాటలో సాల్వెంట్లు. ఇవి మురికిని వెతికి పట్టి తీసేయవు. తమకు కరిగేది ఏది తగిలితే దాన్ని కరిగిస్తాయి. అది వంటింటి జిడ్డా, తాతగారి పడక కుర్చీ మీది పాలిషా, మన అరచేతి చర్మంలోని సహజమైన నూనెనా అన్నది వాటికి పట్టదు.

అందుకే సీసా మూత తీసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది దేన్ని కరిగిస్తుంది? కరిగింది ఎక్కడికి పోతుంది? మొదటి ప్రశ్న మన సామానును కాపాడుతుంది. రెండోది మనుషుల్ని కాపాడుతుంది. సంక్రాంతికి తలుపులకు రంగు వేయించినా, పాత బీరువాకు కొత్త రూపు ఇచ్చినా, పిల్లలకు ఆయిల్ పెయింటింగ్ నేర్పించినా ఈ రెండు ప్రశ్నలే దారి చూపిస్తాయి.

పనసపాలు, కుంకుడు రసం

పనసకాయ కోసే ముందు ఇంట్లో పెద్దవాళ్లు అరచేతులకూ కత్తికీ నూనె రాసుకుంటారు. పనసపాలు చేతికి పట్టుకుంటే ఎన్ని నీళ్లు పోసినా వదలవు, నూనె రాస్తే వదులుతాయి. తలకు పట్టించిన నూనె చెంబెడు నీళ్లకు పోదు, కుంకుడు రసానికి పోతుంది. ఈ రెండు అనుభవాలూ అర్థమైతే ద్రావణుల సంగతి సగం అర్థమైనట్టే.

నీటి అణువుకు ఒక వైపు కొద్దిగా ధనావేశం, ఇంకో వైపు కొద్దిగా రుణావేశం ఉంటాయి. ఉప్పు, పంచదార వంటి వాటిని అది ఆ కొసలతో పట్టి లాగుతుంది. నూనె, మైనం, జిడ్డు అణువుల్లో అలాంటి కొసలు దాదాపు ఉండవు. కాబట్టి నీటికి అక్కడ పట్టు దొరకదు. కిరసనాయిలు, టర్పెంటైన్ అణువులు మాత్రం నూనె జాతివి. జిడ్డులో ఇట్టే కలిసిపోతాయి. ఆల్కహాల్ రెంటికీ మధ్యది. ఒక కొస నీటిలాంటిది, మరో కొస నూనెలాంటిది. లక్కదీ అలాంటి మధ్య స్వభావమే కనుక ఆల్కహాల్‌కు లొంగుతుంది. ఏ జాతి పదార్థాన్ని ఆ జాతి ద్రవమే కరిగిస్తుందన్నది ఇక్కడి సూత్రం.

సబ్బు, కుంకుడు రసం చేసే పని వేరు. వాటి అణువు ఒక చివరతో జిడ్డును, రెండో చివరతో నీటిని పట్టుకుంటుంది. జిడ్డును చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి నీళ్లలో తేలుస్తుంది.

ఇక్కడ ఒక విషయం మనసులో నాటుకోవాలి. కరగడం అంటే మాయమవడం కాదు. గుడ్డకు టర్పెంటైన్ అద్ది బీరువా తలుపు తుడిస్తే జిడ్డు టర్పెంటైన్‌లోకి వస్తుంది. ఆ టర్పెంటైన్ తలుపు మీదే ఆరిపోతే జిడ్డు పలచగా పరుచుకుని అక్కడే మిగులుతుంది. పాలిష్ పనివాళ్లు గుడ్డ మడత తరచూ మార్చడానికి కారణం ఇదే. మురికిని ద్రవంలోకి తేవడం సగం పని. ఆ ద్రవం ఆరేలోపు దాన్ని పొడి గుడ్డలోకి తీసుకోవడం మిగతా సగం.

దుకాణంలో ఏ సీసాలో ఏముంది

అసలు టర్పెంటైన్ చెట్టు నుంచి వస్తుంది. హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో పైన్ చెట్లకు గాటు పెట్టి కారిన జిగురును బట్టీ పడితే ఆవిరై వచ్చేది టర్పెంటైన్, అడుగున మిగిలేది రోజిన్. దీని వాసన ఘాటుగా, చెట్టు బంకను గుర్తుచేసేలా ఉంటుంది. గాలి తగిలి పాతబడిన టర్పెంటైన్ కొందరి చర్మానికి పడదు. దురద, దద్దుర్లు వస్తాయి.

ఇవాళ రంగుల దుకాణంలో టర్పెంటైన్ అడిగితే ఎక్కువగా ఇచ్చేది మినరల్ టర్పెంటైన్. డబ్బా మీద ఎం.టి.ఓ. అని ఉంటుంది. ఇది పెట్రోలియం నుంచి తీసినది. ఎనామిల్ పెయింట్‌ను పలచన చేయడానికీ, ఎనామిల్ బ్రష్ కడగడానికీ, చెక్క మీది మైనం, జిడ్డు తీయడానికీ పనికొస్తుంది. ద్రావణుల్లో ఇది నెమ్మదైనది.

కిరసనాయిలు దీనికి దగ్గరి చుట్టమే. కానీ ఆలస్యంగా ఆరుతుంది, ఆరినా నూనె పొరను వదులుతుంది. ఖర్చు తక్కువని బ్రష్‌లు దీనితో కడిగేవాళ్లు ఉన్నారు. కడిగాక సబ్బునీళ్లతో ఆ పొరను వదిలించకపోతే తర్వాత వేసే రంగు సరిగా అంటదు. రంగు వేయబోయే చెక్కను మాత్రం కిరసనాయిలుతో తుడవకూడదు.

స్పిరిట్ అని అమ్మేది తాగడానికి వీల్లేకుండా చేసిన ఆల్కహాల్. లక్క పాలిష్‌కు ఇదే ఆధారం. ఇందులో మిథనాల్ కలిసి ఉండవచ్చు. మిథనాల్ కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది.

థిన్నర్ ఒకే పదార్థం కాదు. ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో సాధారణంగా టోలీన్ లేదా దాని జాతి ద్రవాలు, అసిటోన్ జాతివి, ఎస్టర్లు, ఆల్కహాళ్లు కలిసి ఉంటాయి. నూనె జాతిని కరిగించేదీ మధ్య జాతిని కరిగించేదీ రెండూ ఒకే సీసాలో ఉన్నట్టు. కాబట్టే ఇది చాలా పూతల్ని కరిగిస్తుంది. అందుకే ఇంట్లో చెక్కసామాను తుడవడానికి దీన్ని ముందుగా తీయకూడదు.

ఆరడం వేరు, బిగియడం వేరు

మొదటి ప్రశ్నకు జవాబు దొరకాలంటే పూత ఎలా గట్టిపడిందో తెలియాలి. ఇందులో రెండు తీరులున్నాయి.

లక్క పాలిష్, ఎన్.సి. లాకర్ ఆరేటప్పుడు జరిగేది ఒక్కటే: ద్రావణి ఆవిరైపోతుంది, కరిగి ఉన్న పదార్థం పొరగా మిగులుతుంది. అణువులు పక్కపక్కన పడుకుని ఉన్నాయే తప్ప ఒకదానికొకటి ముడిపడలేదు. యాభై ఏళ్ల తర్వాత అదే ద్రావణి తగిలినా లేచి వచ్చేస్తాయి. శానిటైజర్ మచ్చ వెనుక కథ ఇదే.

ఎనామిల్ అలా కాదు. మినరల్ టర్పెంటైన్ ఆవిరయ్యాక అందులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని అణువుకు అణువు ముడివేసుకుంటుంది. వల అల్లినట్టు బిగుస్తుంది. రెండు భాగాలు కలిపి వేసే పాలీయురేథేన్, మెలమైన్ పాలిష్‌లు కూడా ఇలాగే రసాయనికంగా బిగుస్తాయి. అల్లిన వలను ద్రావణి ఉబ్బించగలదు, మెత్తబరచగలదు. విప్పి మళ్లీ ద్రవంగా మార్చలేదు. పొద్దున టర్పెంటైన్‌తో పలచన చేసిన ఎనామిల్, వారం తర్వాత అదే టర్పెంటైన్‌కు లొంగదు. బ్రష్ వెంటనే కడగాలని చెప్పడంలోని తొందర అంతా ఇందుకే.

గోడలకు వేసే ఎమల్షన్ సంగతి ఇంకో తీరు. అందులో ప్లాస్టిక్ లాంటి సన్నని రేణువులు నీళ్లలో తేలుతుంటాయి. నీరు పోగానే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరవుతాయి. తడిగా ఉన్నంతసేపు నీళ్లే దాని ద్రావణి పని చేస్తాయి. ఆరాక నీళ్లు దాన్ని తాకలేవు.

మీ బల్ల మీద ఉన్న పూత ఏదో కనుక్కోవడానికి వడ్రంగులు వాడే పరీక్ష ఉంది. బల్ల అడుగునో, కాలి వెనుకనో, కనిపించని చోట ముందు ఒక చుక్క స్పిరిట్ పెట్టాలి. నిమిషంలో జిగటగా మారితే అది లక్క. మారకపోతే, పక్కన ఇంకో చోట ఒక చుక్క ఎన్.సి. థిన్నర్. మెత్తబడి కరిగితే లాకర్. రెండింటికీ కరగకపోతే ఎనామిల్, మెలమైన్, పాలీయురేథేన్ వంటి బిగిసిన పూత. వరస మారకూడదు. థిన్నర్‌లో ఆల్కహాల్ కూడా ఉంటుంది కనుక అది లక్కనూ కరిగిస్తుంది. ముందు థిన్నర్ పెడితే రెంటికీ తేడా తెలియదు.

ఈ జాగ్రత్త ఏటికొప్పాక బొమ్మల విషయంలో మరీ అవసరం. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ నునుపు, ఆ మెరుపు అంతా లక్కదే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మను క్రిములు పోతాయని శానిటైజర్‌తో తుడిస్తే రంగే చేతికి వస్తుంది. దానికి పొడి మెత్తని గుడ్డ చాలు.

చెక్కసామాను: కింది మెట్టు నుంచి పైకి

పాత బీరువానో, పందిరి మంచాన్నో శుభ్రం చేయాలనుకున్నప్పుడు మెత్తనిదానితో మొదలుపెట్టి, అది చాలనప్పుడే పై మెట్టు ఎక్కాలి.

మొదటి మెట్టు పొడి గుడ్డ, మెత్తని బ్రష్. చెక్కుడు పనిలోని దుమ్ము దీనితోనే పోతుంది. దుమ్ము ఉండగా తడి చేస్తే బురదై సందుల్లోకి దిగుతుంది.

రెండో మెట్టు బాగా పిండిన తడి గుడ్డ, రెండు చుక్కల మెత్తని సబ్బు. వెంటనే ఉత్త నీటి గుడ్డ, ఆ వెంటనే పొడి గుడ్డ. నీళ్లు పూత పగుళ్లలోంచి చెక్కలోకి దిగితే చెక్క ఉబ్బుతుంది, వెనీర్ లేస్తుంది. కాబట్టి గుడ్డ చెమర్చి ఉండాలి, కారకూడదు.

మూడో మెట్టు మినరల్ టర్పెంటైన్. ఏళ్ల తరబడి రాసిన మైనం, వంటింటి నూనె పొగ, చేతుల జిడ్డు సబ్బుకు పోనప్పుడు బనియన్ గుడ్డకు కొద్దిగా అద్ది, జానెడు మేర తుడిచి, ఆరకముందే పొడి గుడ్డతో ఎత్తాలి. పూర్తిగా ఆరిన లక్కనూ బిగిసిన ఎనామిల్‌నూ ఇది మామూలుగా తాకదు. దీని గొప్పతనం అదే. మురికిని కరిగిస్తుంది, కింది పూతను వదిలేస్తుంది. అయినా ముందు కనిపించని చోట చూసుకోవడం మానకూడదు.

నాలుగో మెట్టు స్పిరిట్, ఐదోది థిన్నర్. ఈ మెట్ల దగ్గర శుభ్రం చేయడం ఆగి పూత తీసేయడం మొదలవుతుంది. పాత పాలిష్ తీసి కొత్తది వేద్దామని నిశ్చయించుకున్నవారే ఇక్కడికి రావాలి.

మళ్లీ రంగు వేయడానికి సిద్ధం చేస్తుంటే వరసను గుర్తుంచుకోవాలి. ముందు జిడ్డు తీయాలి, తర్వాతే గరుకు కాగితం పట్టాలి. జిడ్డు ఉండగా రుద్దితే కాగితం దాన్ని చెక్క గీతల్లోకి నూరుతుంది. రుద్దిన తర్వాత పొడిని తుడిచి, టర్పెంటైన్ చెమర్చిన గుడ్డతో ఒకసారి తుడిచి, బాగా ఆరనిచ్చి, అప్పుడు ప్రైమర్, లప్పం. కొత్త రంగు పొరలుగా లేచిపోయిందంటే చాలాసార్లు రంగును తప్పుపట్టనక్కర్లేదు. కింద మిగిలిన మైనం వల్లే అది పట్టుకోలేదు.

పాత రంగు విషయంలో ఒక హెచ్చరిక. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90) మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. పాత తలుపును, ఉయ్యాల తొట్టిని పొడిగా గరుకు కాగితంతో రుద్దితే సీసపు ధూళి ఇల్లంతా చేరుతుంది, పిల్లల నోట్లోకి పోతుంది. అలాంటి చోట నీళ్లు చల్లి తడి మీదే రుద్దాలి. తడి గుడ్డతోనే పొడిని ఎత్తేయాలి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ గదికి దూరంగా ఉంచాలి.

బ్రష్: ముందు పిండాలి, తర్వాత కడగాలి

బ్రష్ పాడయ్యేది కొసల దగ్గర కాదు, మొదట్లో. వెంట్రుకలు రేకు పట్టీలోకి దూరే చోట రంగు గట్టిపడితే కుచ్చు విచ్చుకుని చీపురులా అవుతుంది. కాబట్టి కడగడం మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి.

మొదటి పని ద్రావణితో కాదు, పాత కాగితంతో. బ్రష్‌ను డబ్బా అంచుకు, తర్వాత వార్తాపత్రికకు ఒత్తి ఒత్తి రంగు వదిలించాలి. కాగితానికి ఎంత పోతే ద్రావణి అంత మిగులుతుంది.

తర్వాత చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పెద్ద డబ్బాలో ఎక్కువ టర్పెంటైన్ పోసి ఒకేసారి ముంచుతారు. లెక్క వేసి చూద్దాం. పిండాక కూడా బ్రష్‌లో 10 మిల్లీలీటర్ల రంగు మిగిలిందనుకుందాం. 300 మిల్లీలీటర్లలో ఒకసారి కలియబెట్టి తీస్తే మొత్తం 310లో 10 మళ్లీ బ్రష్‌తో వస్తుంది. అంటే మొదటి రంగులో 31వ వంతు మిగిలింది. అదే 300ను 100 చొప్పున మూడు సీసాల్లో పోసి వరసగా ముంచి పిండితే ప్రతిసారీ 11వ వంతు మిగులుతుంది. మూడుసార్లకు 1,331వ వంతు. ద్రావణి అంతే, శుభ్రం మాత్రం నలభై రెట్లకు పైగా ఎక్కువ. బట్టలు ఉతికాక ఒకే బకెట్లో కాక రెండు మూడు నీళ్లలో జాడించడం వెనుక ఉన్న తెలివి ఇదే.

మూడు మూత సీసాలు వరసగా పెట్టుకుంటే చాలు. మొదటిది బాగా మురికిది, రెండోది కొంచెం, మూడోది తేట. చివరికి సబ్బు, గోరువెచ్చని నీళ్లు. అరచేతిలో నురగ తెల్లగా వచ్చేదాకా తిప్పాలి. కుచ్చును వేళ్లతో సర్ది, కాగితం చుట్టి, వేలాడదీసి ఆరబెట్టాలి. నిలబెట్టి ఆరబెడితే తడి మొదట్లోకి దిగుతుంది.

ఎమల్షన్ బ్రష్‌కు ఈ గొడవ లేదు, నీళ్లు, సబ్బు చాలు. ఆలస్యం మాత్రం చేయకూడదు. భోజనానికి వెళ్లే అరగంట కూడా ప్లాస్టిక్ సంచి చుట్టి వెళ్లాలి.

ఎనామిల్ పని మర్నాడూ ఉంటే రోజూ కడగనక్కర్లేదు. బ్రష్‌ను రాత్రంతా నీళ్లలో ఉంచే పెయింటర్లను చూసే ఉంటారు. ఎనామిల్‌కూ నీటికీ పొత్తు లేదు కదా, మరి ఎందుకు? ఎనామిల్ బిగియడానికి గాలిలోని ఆక్సిజన్ కావాలి. నీళ్లు ఆ గాలిని అడ్డుకుంటాయి. ఒక్క రాత్రికి ఇది బాగానే పనిచేస్తుంది. పొద్దున నీళ్లు బాగా దులిపి, గుడ్డకు ఒత్తి వాడుకోవాలి. బ్రష్‌ను సీసా అడుగున నిలబెడితే కుచ్చు వంగిపోతుంది. పిడికి రంధ్రం చేసి, తీగ దూర్చి, సీసా అంచుల మీద వేలాడదీయాలి.

ఆయిల్ పెయింటింగ్ వేసేవారికి ఇంకా మంచి దారి ఉంది. బ్రష్‌ను గుడ్డకు తుడిచి, కొద్దిగా అవిసె నూనెలో కలియబెట్టి, మళ్లీ తుడిచి, సబ్బుతో కడిగితే టర్పెంటైన్ దాదాపు అక్కర్లేదు. చేతికంటిన ఎనామిల్‌కూ అదే మందు. కొబ్బరినూనె రాసి రుద్ది, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కోవాలి. థిన్నర్‌తో చేతులు కడిగితే రంగుతో పాటు చర్మాన్ని కాపాడే నూనె కూడా కరిగిపోతుంది. రోజూ అలా చేసేవారి చేతులు పగిలి, మండి, పుండ్లవుతాయి.

పూర్తిగా బిగిసిపోయిన బ్రష్‌ను బతికించే ప్రయత్నంలో చాలాసార్లు బ్రష్ ఖరీదుకు మించిన థిన్నర్ ఖర్చవుతుంది. దాన్ని దుమ్ము దులపడానికి ఉంచుకుని కొత్తది కొనుక్కోవడం మేలు.

కంటికి కనిపించని వాటా

ఇక రెండో ప్రశ్న. కరిగింది గుడ్డలోకి, సీసాలోకి పోయింది. మరి ద్రావణి ఎక్కడికి పోయింది? ఆరిపోయిందంటాం. ఆరిపోవడమంటే గాలిలోకి రావడం.

థిన్నర్‌లోని టోలీన్‌నే తీసుకుందాం. 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసెడు, ఆవిరైతే సుమారు 23 లీటర్ల ఆవిరి అవుతుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది మూసి ఉంటే అందులోని గాలిలో అది 800 పీపీఎం పైమాటే. అమెరికాలో పని స్థలాల భద్రతా సంస్థ ఎనిమిది గంటల పనికి పెట్టిన సగటు పరిమితి 200 పీపీఎం. ఒక్క గ్లాసుతో నాలుగు రెట్లు. తల తిరగడం, తలనొప్పి, వికారం, మాట తడబడటం శరీరం ఇచ్చే మొదటి హెచ్చరికలు. వాసన తగ్గినట్టు అనిపించడం మాత్రం భద్రత కాదు. ముక్కు కాసేపటికి అలవాటు పడుతుంది, ఆవిరి అక్కడే ఉంటుంది.

ఈ ఆవిర్లన్నీ గాలికన్నా బరువైనవి. నేల మీద పాకుతూ పక్క గదిలోకి పోతాయి. అక్కడ దేవుడి ముందు దీపం, అగరుబత్తి, దోమల చుట్ట, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్ స్విచ్‌లో నిప్పురవ్వ ఏదున్నా చాలు. ద్రవం పైన ఉన్న ఆవిరి నిప్పు తగిలితే అంటుకోగల కనీస ఉష్ణోగ్రతను జ్వలన స్థానం అంటారు. అసిటోన్‌కు అది మైనస్ 20 డిగ్రీలు, టోలీన్‌కు 4 డిగ్రీలు. అంటే మన దగ్గర ఏ కాలంలోనైనా థిన్నర్ మండటానికి సిద్ధమే. మినరల్ టర్పెంటైన్‌కు సుమారు 35 నుంచి 40. చలికాలంలో అది నెమ్మదైనదే. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో ఉంచిన అదే డబ్బా థిన్నర్‌తో సమానం. ఎండాకాలం రంగుల పనిలో ఈ సంగతి మరచిపోకూడదు.

ఎదురెదురు కిటికీలు, తలుపులు తెరిచి గాలి ఆడేలా చేయాలి. సీలింగ్ ఫ్యాన్ ఆవిరిని గదిలోనే తిప్పుతుంది, బయటికి పంపదు. వీలైతే సామానును వరండాలోకో డాబా మీది నీడలోకో తెచ్చుకోవాలి. ముఖానికి కట్టిన చేతిరుమాలు గాని, కోవిడ్ నాటి ఎన్95 మాస్క్ గాని ధూళిని ఆపుతాయి, ఆవిరిని ఆపలేవు. ఆవిరిని పట్టేది ఉత్తేజిత బొగ్గు గుళికలున్న మాస్క్ ఒక్కటే.

బిగిసిన పూతలు ఊడదీసే పెయింట్ రిమూవర్ కొనేటప్పుడు డబ్బా మీద పేర్లు చదవండి. మిథిలీన్ క్లోరైడ్ అని ఉంటే ఇంట్లో వాడకండి. అది సులువుగా మండదు కాబట్టి క్షేమమనిపిస్తుంది. కానీ 40 డిగ్రీలకే మరుగుతుంది, ఇట్టే ఆవిరవుతుంది. మత్తు కమ్మేలా చేస్తుంది. ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో 2000 నుంచి 2011 మధ్య దీనితో స్నానపు తొట్ల పాత పూతలు తీస్తూ 13 మంది కార్మికులు చనిపోయారు. ఇరుకు స్నానాల గది, బరువైన ఆవిరి, తొట్టి మీదికి వంగిన మనిషి. ఆ దేశం 2019లో ఇళ్ల వాడకానికి ఇలాంటి రిమూవర్ల అమ్మకాన్ని నిషేధించింది.

పోగుపడిన గుడ్డలు

1991 ఫిబ్రవరి 23 రాత్రి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం అంటుకుంది. నిప్పు 22వ అంతస్తులో పుట్టింది. అక్కడ చెక్క పలకలకు మెరుగు పెడుతున్న పనివాళ్లు అవిసె నూనెతో తడిసిన గుడ్డలు వదిలి వెళ్లారు. అగ్గిపుల్ల లేదు, సిగరెట్ లేదు, తీగల్లో లోపం లేదు. గుడ్డలు వాటంతటవే అంటుకున్నాయి. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. 30వ అంతస్తులో నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉండటం వల్లే మంట అక్కడ ఆగింది.

కారణం మనం ఇప్పటికే చెప్పుకున్నదే. అవిసె నూనె ఆక్సిజన్‌ను పట్టుకుని బిగుస్తుంది, బిగిసేటప్పుడు వేడి పుడుతుంది. తలుపు మీద పలచగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండచుట్టి మూలన పడేసిన గుడ్డల్లో బయటికి పోయే దారి లేదు. వేడి చర్యను పెంచుతుంది, చర్య వేడిని పెంచుతుంది. కొన్ని గంటలకు గుడ్డ అంటుకుంటుంది. ఉత్త టర్పెంటైన్‌తో తడిసిన గుడ్డకు నిప్పు తగలాలి. నూనె గుడ్డకు ఆ అవసరం కూడా లేదు. నూనె కలిసిన చెక్క పాలిష్‌ల గుడ్డలదీ ఇదే స్వభావం.

చేయాల్సింది చాలా చిన్న పని. గుడ్డల్ని విడివిడిగా పరచి ఆరుబయట దండెం మీద ఆరనివ్వాలి. గట్టిబడ్డాక ప్రమాదం లేదు. లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి మూత పెట్టాలి. ఉండచుట్టి చెత్తబుట్టలో మాత్రం వేయకూడదు.

మిగిలిన ద్రవం, ఖాళీ సీసా

బ్రష్‌లు కడిగిన టర్పెంటైన్‌ను పారబోయకండి. మూత బిగించి వారం కదపకుండా ఉంచితే రంగు అడుగుకు దిగుతుంది, పైన తేట తేరుతుంది. ఆ తేటను వంచుకుని మళ్లీ వాడుకోవచ్చు. అడుగు మడ్డిని ఇసుకలోనో రంపపు పొట్టులోనో కలిపి, ఆరుబయట ఆరనిచ్చి, చెత్త సేకరించేవారికి వేరుగా కట్టి ఇవ్వాలి. ఖాళీ పెయింట్ డబ్బాలను 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇంటి ప్రమాదకర వ్యర్థాల కింద లెక్కించాయి. అందుకే వీటిని తడిచెత్తలోనూ పొడిచెత్తలోనూ కలపకూడదు. కాలువలో పోస్తే ఆవిరి మురుగు గొట్టాల్లో పోగై నిప్పుకు కాచుకుంటుంది. ద్రవం చెరువును చేరుతుంది.

విడిగా అమ్మే థిన్నర్‌ను నీళ్ల సీసాలోనో కూల్‌డ్రింక్ సీసాలోనో తెచ్చి గూట్లో పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటే ఇది గుర్తుంచుకోండి: అలా చేయకండి. దాహమేసిన పిల్లవాడికి సీసా ఆకారమే తెలుసు, లోపలిది తెలియదు. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించకూడదు. కిరసనాయిలు, టర్పెంటైన్, థిన్నర్ కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడ ఎక్కువ హాని చేస్తాయి. ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

రెండు రోజుల మనం, ముప్ఫై ఏళ్ల అతను

రంగులు వేయించిన ఇంట్లో రెండు రోజులు వాసన భరించలేక కిటికీలు తెరిచి, చుట్టాలింటికి వెళ్లి పడుకుంటాం. ఆ వాసనను మన ఇంట్లోకి తెచ్చిన పెయింటర్ మర్నాడు ఇంకో ఇంట్లో అదే గాలి పీలుస్తాడు. ముప్ఫై ఏళ్లు అదే గాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లోనే పెయింటర్ వృత్తిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ద్రావణుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవారిలో మతిమరుపు, చిరాకు, ఏకాగ్రత తగ్గడం కనిపిస్తాయని ఉత్తర ఐరోపా దేశాల వైద్యులు 1970లలో చెప్పడం మొదలుపెట్టారు.

కరిగింది ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు ఆఖరి జవాబు ఇది. దానిలో ఒక వాటా ఒక మనిషి ఊపిరిలోకి పోతోంది. దాన్ని తగ్గించడం ఇంటి యజమాని చేతిలో ఉంది. నీటితో పలచన చేసే ఎనామిల్, నీటి ఆధారిత చెక్క పాలిష్ ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతున్నాయి. కొంత ఖరీదెక్కువైనా వాటిని అడగండి. పని జరిగే గది కిటికీలు మీరే తెరిచి పెట్టండి. పెయింటర్‌కు సాయంత్రం చేతులు కడుక్కోవడానికి థిన్నర్ గుడ్డ కాకుండా కాస్త కొబ్బరినూనె, సబ్బు, బకెట్ నీళ్లు ఇవ్వండి.